‘రేపు చేస్తాలే’ అన్న పని ఎవరి మీద పడుతుంది? పుండరీకుడి ఇటుక చెప్పే పాఠం



తొలి ఏకాదశి వీడియోలో పుండరీకుడి కథ చెప్పుకున్నాం కదా. కథ అయితే చెప్పాను గానీ, అది నాకెందుకు అంత దగ్గరైందో చెప్పడానికి టైమ్ సరిపోలేదు. నిజం చెప్పాలంటే టైమ్ ఒక్కటే కారణం కాదు. కెమెరా ముందు చెప్పుకోవడానికి కాస్త సిగ్గేసింది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఈ వారం పాఠం ధ్యానం గురించో, వ్రతం గురించో కాదు. ఇంటి పనుల గురించి. గిన్నెలు తోమడం, బట్టలు మడత పెట్టడం, బాత్రూమ్ కడగడం, దీపపు కుందులు తోమడం. వీటిలో ఏదీ పెద్ద కష్టమైన పని కాదు. అయినా రోజుల తరబడి పక్కన పెడుతూనే ఉంటాం. ఎందుకు పెడతాం? మన గ్రంథాలు, మన భక్తుల కథలు దీని గురించి ఏం చెప్తున్నాయి? రేపటి నుంచి మనం ఏం మార్చుకోవచ్చు? ఈ మూడూ ఒక్కొక్కటిగా చూద్దాం. ముందు నా సంగతి చెప్పేస్తాను.

ఒక బ్రష్ కథ

మాది హైదరాబాద్‌లో మామూలు అద్దె ఫ్లాట్. వంటగది వెనకాల వాషింగ్ మెషీన్ పట్టేంత చిన్న వాష్ ఏరియా ఉంది. అక్కడి నల్లా ఎంత బిగించినా చుక్క చుక్క కారుతూనే ఉండేది. పోయినేడాది వానాకాలంలో ఆ నేల మీద పచ్చగా పాచి పట్టింది.

అమ్మ బ్లీచింగ్ పౌడర్ పట్టుకుని బయల్దేరితే నేనే ఆపాను. "నీకు మోకాళ్ల నొప్పులు. నువ్వు ముట్టుకోకు, ఆదివారం నేను రుద్ది కడుగుతా" అన్నాను. అమ్మకు సంతోషమైంది.

ఆదివారం వచ్చింది. లుంగీ ఎగగట్టి మూలనున్న బ్రష్ తీశాను. కుచ్చు మొత్తం అరిగిపోయి చెక్కే మిగిలింది. కొత్తది కొనాలి. షాపు కిందనే ఉంది, కానీ లుంగీ మీద ఎలా వెళ్తాం? సాయంత్రం బయటికి వెళ్లినప్పుడు తెద్దామనుకున్నాను. సాయంత్రం మర్చిపోయాను. రాత్రి ఫోన్‌లో ఆర్డర్ పెడదామని చూస్తే, బ్రష్ ధర కంటే డెలివరీ చార్జీ ఎక్కువుంది. ఇంకో రెండు వస్తువులు కలిస్తే చార్జీ ఉండదు కదా అని కార్ట్‌లో వేసి వదిలేశాను.

ఆ బ్రష్ తొమ్మిది రోజులు కార్ట్‌లోనే ఉంది. పదో రోజు పొద్దున అమ్మ మెషీన్‌లోంచి బట్టలు తీయడానికి వెళ్లి కాలు జారి పడింది. కుడిచేతి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు.

ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు ఆటోలో అమ్మ నన్ను ఒక్క మాట కూడా తిట్టలేదు. నేనే ఉండబట్టలేక, "అంత జారుతుంటే మరి అటెందుకు పోయినవ్ అమ్మా?" అన్నాను. అమ్మ మామూలుగానే చెప్పింది. "నువ్వు చేస్తా అన్నవ్ గదా. చేసినవేమో అనుకున్న."

ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు. నేను అసలు చేయనని చెప్పి ఉంటే అమ్మ తన పద్ధతిలో తను నెమ్మదిగా కడుక్కునేది. లేదా పనమ్మాయితో చేయించుకునేది. నేను చేస్తానన్నాను కాబట్టి ఆగింది. పని వాయిదా వేశానని అనుకున్నాను. నిజానికి ఆ పని ఇంట్లోనే ఉంది, దాని మీద కాలు పెట్టే మనిషి మారింది, అంతే.

ఇంకో సంగతి. అదే వారం నేను మన చానల్ కోసం కర్మయోగం మీద స్క్రిప్ట్ రాస్తున్నాను.

డోంగ్లిలో అమ్మమ్మ ఇల్లు

కట్టుతో అమ్మ ఏ పనీ చేయలేదు, ఏ పనీ చేయకుండా ఊరికే కూర్చోలేదు కూడా. అందుకని పుట్టింటికి తీసుకెళ్లాను. నేనూ లాప్‌టాప్ పట్టుకుని పది రోజులు అక్కడే ఉన్నాను.

అమ్మమ్మ వాళ్లది డోంగ్లి. కామారెడ్డి జిల్లాలో మహారాష్ట్ర సరిహద్దును ఆనుకుని ఉంటుంది. ఇదివరకు మద్నూర్ మండలంలో ఉండేది, 2022లో విడిగా మండలం అయింది. నల్లరేగడి నేల. పత్తి, సోయా, కంది పండిస్తారు. అటు దెగ్లూర్ బజారుకు వెళ్లినంత మామూలుగా మరాఠీలోకి వెళ్లొస్తారు అక్కడి జనం. ఒకే వాక్యం తెలుగులో మొదలై మరాఠీలో ముగుస్తుంది. ఆ పక్క ఊళ్లలో హరినామ సప్తాహాలు జరుగుతాయి. తాళాలు, మృదంగం, ‘విఠల విఠల’ అనే భజన వింటే మనం ఏ రాష్ట్రంలో ఉన్నామో ఒక్క క్షణం అర్థం కాదు.

అమ్మమ్మకు డెబ్బై దాటాయి. తెల్లారకముందే లేచి వాకిలి ఊడ్చి, సాన్పి చల్లి, ముగ్గేస్తుంది. నేను గమనించింది ఆమె స్పీడ్ కాదు, ఆమె చాలా నెమ్మదిగానే చేస్తుంది. కానీ ఏ పనీ మధ్యలో ఆగదు. ఎందుకు ఆగదో రెండు మూడు రోజులు చూస్తే గానీ తెలియలేదు.

బోళ్లు తోమే చోటే బూడిద డబ్బా, కొబ్బరి పీచు ఉంటాయి. పాత పీచు అరిగేలోపే కొత్త పీచు పక్కన చేరుతుంది. పొరక కట్టు వదులైతే, ఊడ్చిన వెంటనే బిగించి కట్టి ఆ తర్వాతే మూలన పెడుతుంది. రేపు ఇత్తడి తోమాలంటే ఈ రాత్రే చింతపండు గిన్నెలో నానుతుంది. పడుకునే ముందు కుంది పక్కన వత్తులు, అగ్గిపెట్టె పెట్టేస్తుంది. అంటే ఈ రోజు ఆఖరి పని, రేపటి పనికి దారి తీసి ఉంచడం.

ఒకరోజు ఆమెకు బ్రష్ సంగతి చెప్పాను. విని నవ్వింది.

"బ్రష్ లేకుంటే పని ఆగుతదా బిడ్డా? ఇంట్ల కొబ్బరి పీచు లేదా? ఇటుక ముక్క దొరకలేదా? పని బ్రష్ కాడ ఆగలే. నీ కాడ ఆగింది."

సోమరితనం వేరు, సాగదీయడం వేరు

హైదరాబాద్ తిరిగొచ్చాక ఈ విషయం మీద చదవడం మొదలుపెట్టాను. ముందు భగవద్గీత. పద్దెనిమిదో అధ్యాయం, ఇరవై ఎనిమిదో శ్లోకంలో తామసకర్త ఎలా ఉంటాడో కృష్ణుడు వరుసగా చెప్తాడు. ఆ వరుసలో ‘అలసుడు’ అనే మాట ఉంది. అంటే సోమరి. అదే శ్లోకం చివర ‘దీర్ఘసూత్రి’ అని ఇంకో మాట ఉంది. రెండూ ఒకటే అయితే రెండు మాటలు ఎందుకు?

దీర్ఘ అంటే పొడుగు, సూత్రం అంటే దారం. దారాన్ని సాగదీసుకుంటూ పోయేవాడు దీర్ఘసూత్రి. శంకరాచార్యుల వారి భాష్యం ప్రకారం, ఈ రోజో రేపో అయిపోవాల్సిన పనిని నెల గడిచినా పూర్తి చేయని మనిషి అతను. సోమరికి చేయాలనే ఉండదు. దీర్ఘసూత్రికి ఉంటుంది. మాట కూడా ఇస్తాడు, మొదలు కూడా పెడతాడు, కానీ సాగదీస్తాడు. చదువుతుంటే నా ఫొటో చూసుకున్నట్టే అనిపించింది. నేను సోమరిని కాను, ఆఫీసు పనిలో ఒక్క డెడ్‌లైన్ దాటను. ఇంటి పనిలో మాత్రం దీర్ఘసూత్రిని.

మహాభారతం ఉద్యోగపర్వంలో విదురుడు ధృతరాష్ట్రుడికి నీతి చెప్తూ, బాగుపడాలనుకునేవాడు వదులుకోవాల్సిన ఆరు దోషాలు లెక్కపెడతాడు. నిద్ర, కునికిపాటు, భయం, కోపం, సోమరితనం, దీర్ఘసూత్రత. చూశారా, ఇక్కడ కూడా సోమరితనం, సాగదీయడం రెండూ వేర్వేరుగానే ఉన్నాయి.

ఇక శాంతిపర్వంలో భీష్ముడు ధర్మరాజుకు చెప్పే మూడు చేపల కథ మనలో చాలామందికి స్కూల్ రోజుల నుంచీ తెలుసు. దీర్ఘదర్శి ముందే చెరువు వదిలి వెళ్లిపోతుంది. ప్రాప్తకాలజ్ఞుడు చివరి నిమిషంలో ఉపాయంతో బయటపడతాడు. దీర్ఘసూత్రుడు దొరికిపోతాడు. చిన్నప్పుడు మూడో చేప తెలివితక్కువదని అనుకునేవాణ్ని. కానీ ప్రమాదం గురించి దానికీ ముందే చెప్పారు. తొందరేముందిలే అనుకుంది, అంతే. ఆ చేపకీ నాకూ ఒకటే తేడా. దాని ఆలస్యానికి అదే బలైంది. నా ఆలస్యానికి అమ్మ చెయ్యి విరిగింది.

పనికి ముందు కూర్చున్న చిన్న అడ్డు

నేను వాయిదా వేసిన పనులన్నీ ఒక కాగితం మీద రాసి, ఒక్కోదాని పక్కన అసలు ఎక్కడ ఆగిందో రాసుకున్నాను. ఒక విషయం స్పష్టంగా కనిపించింది. ఏ పనీ దాని బరువు వల్ల ఆగలేదు. దానికి ముందు కూర్చున్న ఏదో చిన్న అడ్డు వల్ల ఆగింది. ఆ అడ్డులు ముఖ్యంగా నాలుగు రకాలు.

మొదటిది పనిముట్టు అడ్డు. అరిగిన బ్రష్, పిడి ఊడే మాప్, మూత బిగుసుకుపోయిన ఫినాయిల్ సీసా, పక్కింట్లో ఉన్న స్టూల్. ఫ్యాన్ రెక్కలు తుడవడానికి పది నిమిషాలు చాలు. స్టూల్ అడగడానికి మొహమాటపడి రెండు నెలలు దుమ్ముతోనే తిరిగింది మా ఫ్యాన్. పెద్దవాళ్లు చీపురును కాలితో తాకనివ్వరు, లక్ష్మి అంటారు. దసరాకు పనిముట్లకు పూజ చేస్తారు. ఇవి ఉత్త ఆచారాలు అనుకునేవాణ్ని. అమ్మమ్మ పొరకకు కట్టు బిగించడం చూశాక నాకు వేరే అర్థం తోచింది. పనిముట్టును గౌరవించే ఇంట్లో పని ఆగదు. ఆయుధపూజ నాడు బొట్టు పెట్టడంతో పాటు, విరిగిందేదో బాగు చేయడం కూడా పూజలో భాగమే అనుకుంటే బాగుంటుంది.

రెండోది చోటు అడ్డు. మనం బట్టలు ఉతకడం ఆపం, మెషీన్ ఉతికేస్తుంది. మడత దగ్గర ఆగుతాం. ఎందుకంటే మడత పెట్టినా పెట్టడానికి బీరువాలో చోటుండదు. అందుకే ప్రతి ఇంట్లో బట్టల కుప్ప మోసే ఒక కుర్చీ ఉంటుంది. కుర్చీని తిట్టుకుని లాభం లేదు. రెండేళ్లుగా వేసుకోని బట్టలు నాలుగు జతలు ఎవరికైనా ఇచ్చేస్తే మడత పని దానంతట అదే నడుస్తుంది. దానం పుణ్యం కూడా.

మూడోది రోత. సింక్ జాలీలో తడిసిన అన్నం మెతుకులు, బాత్రూమ్ కాలువలో వెంట్రుకలు. వేళ్లు అక్కడ పెట్టాలంటే ఒళ్లు జలదరిస్తుంది. నిజమే. కానీ ఈ రోత రోజుకు రోజు పెరుగుతుంది. తిన్న వెంటనే తీస్తే అది అన్నం. మూడు రోజుల తర్వాత తీస్తే అది కంపు. తినే ముందు కళ్లకద్దుకున్న అన్నాన్నే మనం ఆ స్థితికి తెస్తున్నాం.

నాలుగోది ఫోన్. ‘ఐదు నిమిషాలు చూసి లేస్తా’. దీని గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. మీరు ఈ పోస్ట్ కూడా ఏదో ఒక పని పక్కన పెట్టి చదువుతూ ఉండొచ్చు. పర్లేదు, చివరి దాకా చదివి లేవండి.

ఇంటి పని ధర్మం లెక్కలోకి వస్తుందా?

వస్తుంది. మనుస్మృతి మూడో అధ్యాయంలో ‘పంచసూనలు’ అనే మాట ఉంది. ప్రతి ఇంట్లో తెలియకుండానే చిన్న ప్రాణులకు హాని జరిగే ఐదు చోట్లు అని దాని భావం. పొయ్యి, తిరగలి, చీపురు, రోలు రోకలి, నీళ్ల కుండ. ఈ ఐదింటి వల్ల అంటుకునే దోషం పోవడానికే రోజూ పంచమహాయజ్ఞాలు చేయమన్నారు. చదువు చెప్పడం, పితృదేవతలను తలుచుకోవడం, దేవతలకు ఆహుతి, ప్రాణులకు ఇంత మెతుకు, అతిథికి అన్నం. ఇవే ఆ ఐదు.

ఇక్కడ రెండు సంగతులు గమనించండి. ఒకటి, చీపురూ పొయ్యీ కూడా శాస్త్రం లెక్కలో ఉన్నాయి. యజ్ఞానికి మూలం వంటింట్లోనే ఉంది. రెండు, ఆ దోషం గృహస్థుడికి అంటుతుందని చెప్పారు గానీ, ఇంట్లో ఊడ్చే మనిషికో, వండే మనిషికో మాత్రమే అని చెప్పలేదు. ఇంట్లో జరిగే పనికి ఇల్లంతా బాధ్యులే. ‘అది అమ్మ పని’ అని తప్పుకునే వీలు శాస్త్రం ఇవ్వలేదు.

జనాబాయి తిరగలి

అమ్మమ్మ దగ్గర ఇంకా ఒక ఇసుర్రాయి ఉంది. ఇప్పుడు పిండి గిర్నీలోనే పట్టిస్తారు గానీ, కాసిన్ని కందులో పెసలో పప్పు చేయడానికి దాన్ని వాడుతుంది. ఒకరోజు నన్ను ఎదురుగా కూర్చోబెట్టి పిడి పట్టుకోమంది. ఒకే పిడిని ఇద్దరం పట్టుకుని తిప్పాలి. సగం చుట్టు నేను లాగితే సగం చుట్టు ఆమె లాగుతుంది. ఒక్కరే తిప్పితే ఎంత బరువో, ఇద్దరు తిప్పితే ఎంత తేలికో చేతికే తెలిసింది. తిప్పుతూ జనాబాయి కథ చెప్పింది.

జనాబాయి పుట్టింది గోదావరి ఒడ్డున ఉన్న గంగాఖేడ్‌లో. అది మహారాష్ట్రలోని పర్భణీ జిల్లా. చిన్నప్పుడే పండరీపురంలో నామదేవుడి ఇంటికి పనిపిల్లగా చేరింది. ఏడు వందల ఏళ్ల కిందటి మాట. ఊడవడం, నీళ్లు మోయడం, పిడకలు చేయడం, పిండి విసరడం ఆమె జీవితం. ఆ పనుల మధ్యే ఆమె కట్టిన అభంగాలు మూడు వందలకు పైగా ఆమె పేరుతో నిలిచి ఉన్నాయి. తనను తాను నామదేవుడి దాసిగా చెప్పుకుంది.

ఆమె అలిసిపోయిన రాత్రి విఠలుడే వచ్చి తిరగలి ఎదురుగా కూర్చుని పిండి విసిరాడని భక్తులు చెప్పుకుంటారు. ఆమెతో పాటు ఊడ్చాడు, నీళ్లు తెచ్చాడు, చెత్త ఎత్తాడు. పండరీపురం దగ్గర గోపాలపురంలో ఆమె తిరగలి అని ఒకటి ఇప్పటికీ చూపిస్తారు.

ఈ కథను ‘చూశారా, పని చేసుకుంటూ పోతే దేవుడే వస్తాడు’ అని మాత్రమే చెప్పుకుంటే నాకు సగమే అనిపిస్తుంది. ఆ ఇంట్లో ఇంకా మనుషులున్నారు. తిరగలికి రెండో వైపు చోటు ఖాళీగా ఉంది. ఎవరూ కూర్చోలేదు కాబట్టి దేవుడు వచ్చి కూర్చున్నాడు. అమ్మమ్మ ఇంకా సూటిగా చెప్పింది. "ఇసుర్రాయికి ఇద్దరు కూసునే జాగ ఉంటది బిడ్డా. మీ అమ్మ ఎదురుంగ ఎవరు కూసున్నరు ఇన్నేండ్లు?"

నా దగ్గర సమాధానం లేదు. పిడి తిప్పుతూ ఊరుకున్నాను.

పుండరీకుడు ఎవర్ని ఆగమన్నాడు?

ఇప్పుడు అసలు కథకు వద్దాం. తెనాలి రామకృష్ణ కవి ‘పాండురంగ మాహాత్మ్యం’ రాశారు. 1957లో ఎన్టీఆర్ ‘పాండురంగ మహాత్మ్యం’ సినిమా వచ్చింది. కాబట్టి పుండరీకుడు మనకు కొత్తేమీ కాదు. వీడియోలో చెప్పని రెండు ఘట్టాలు మాత్రం ఇక్కడ చెప్తాను.

వారకరీలు చెప్పుకునే కథలో పుండరీకుడు మొదట్లో తల్లిదండ్రులను సరిగా చూడని కొడుకు. కాశీకి వెళ్తూ దారిలో కుక్కుట ముని ఆశ్రమంలో ఒక రాత్రి ఆగుతాడు. తెల్లవారుజామున మాసిన బట్టలతో కొందరు స్త్రీలు వచ్చి ఆశ్రమం ఊడుస్తారు, నీళ్లు తోడి పెడతారు, బట్టలు ఉతుకుతారు. పని అయ్యేసరికి వాళ్ల బట్టలు తెల్లగా మెరిసిపోతుంటాయి. ఎవరు తల్లీ మీరు అని అడిగితే, మేం గంగా యమునా నదులం అంటారు. లోకం మాలో మునిగి వదిలిన మురికిని, తల్లిదండ్రుల సేవలో ఉన్న ఈ ముని ఇంటి పని చేసి పోగొట్టుకుంటున్నాం అంటారు. పుండరీకుడు కాశీ మానేసి ఇంటికి తిరిగొస్తాడు.

గంగలో మునగడానికి మనం కాశీ వెళ్తాం. ఆ గంగ చీపురు పట్టుకుని ఊడుస్తోంది. ఇంటి పని చిన్నదా పెద్దదా అనే ప్రశ్నకు నాకు ఇంతకంటే మంచి సమాధానం దొరకలేదు.

రెండో ఘట్టం మీకు తెలిసిందే. పుండరీకుడు అమ్మానాన్నల సేవలో ఉండగా కృష్ణుడు గుమ్మం దగ్గరికొచ్చాడు. పుండరీకుడు పని ఆపలేదు. పక్కనున్న ఇటుక విసిరి, దీని మీద నిలబడు స్వామీ, ఈ సేవ అయ్యాక వస్తాను అన్నాడు. స్వామి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. పండరీపురంలో, చంద్రభాగ ఒడ్డున, ఇప్పటికీ ఇటుక మీదే నిలబడి ఉన్నాడు. మరాఠీలో ఇటుకను వీట్ అంటారు, విఠోబా అనే పేరుకు మూలం అదేనని భక్తులు చెప్పుకుంటారు.

ఈ కథలో కూడా వాయిదా ఉంది. కానీ మన వాయిదాకీ దానికీ ఎంత తేడా!

పుండరీకుడు దేవుణ్ణి ఆగమన్నాడు, అమ్మానాన్నలను ఆపలేదు. నేను అమ్మను ఆపాను. దేనికోసం? కార్ట్‌లో ఇంకో రెండు వస్తువుల కోసం.

పుండరీకుడు ఆగమని నోరు తెరిచి చెప్పాడు, ఎప్పటిదాకా ఆగాలో కూడా చెప్పాడు. నేను ‘చేస్తా’ అని చెప్పి, చేయలేదని మాత్రం చెప్పలేదు.

పుండరీకుడు ఆగిన వాడి కాళ్ల కింద ఇటుక వేశాడు. బయట బురదలో స్వామి నిలబడకూడదు కదా. నేను మా అమ్మ కాళ్ల కింద ఏం వేశాను? పాచి. ఒక పాత రబ్బర్ మ్యాట్ మా బాల్కనీలో ఊరికే పడి ఉంది. ఆ పది రోజులు దాన్ని ఆ నేల మీద పరిచినా సరిపోయేది. పరచడానికి అర నిమిషం పట్టేది.

అమ్మమ్మ కూడా చివరికి అదే అంది. "ఒక్కోరోజు పని కాదు బిడ్డా. నాకు గూడ కాదు. కానప్పుడు ‘ఇయ్యాల చెయ్యలేదు, అటు పోకుండ్రి’ అని ఒక్క మాట చెప్పాలె. గంతే."

కాబట్టి ఈ పాఠం ‘ఏ పనీ వాయిదా వేయొద్దు’ అని కాదు. ఉద్యోగాలు, ట్రాఫిక్, చదువులు, ఒంట్లో బాగోకపోవడం, అన్నీ ఉంటాయి. వాయిదా తప్పనప్పుడు ఇటుక వేయండి. అంటే ఆగేది ఎవరో గుర్తించండి, వాళ్లకు చెప్పండి, వాళ్లకు ఇబ్బంది కాకుండా చిన్న ఏర్పాటు చేయండి. అప్పుడు అది వాయిదా. లేకపోతే అది ఇంకొకరి నెత్తిన పని పెట్టడం.

ఈ వారం సాధన

మూడే మూడు. పెద్దవేం కాదు.

1. ఈ రోజు రాత్రి, మీరు చాలా రోజులుగా పక్కన పెట్టిన ఒక్క ఇంటి పని పేరు కాగితం మీద రాయండి. దాని పక్కన ‘ఎక్కడ ఆగింది’ అని రాసి నిజాయితీగా సమాధానం రాయండి. వత్తులు అయిపోయాయా? స్క్రబ్బర్ అరిగిందా? బకెట్ పిడి ఊడిందా? రేపు ఆ పని చేయకపోయినా పర్లేదు, ఆ అడ్డు మాత్రం తీసేయండి. చాలాసార్లు అడ్డు తీశాక పని దానంతట అదే అయిపోతుంది.

2. పడుకునే ముందు ఐదు నిమిషాలు రేపటి పనికి దారి తీసి ఉంచండి. దీపం దగ్గర వత్తి, నూనె, అగ్గిపెట్టె ఒకే పళ్లెంలో పెట్టుకుంటే, పొద్దున లేటయినా దీపం మాత్రం మానరు. నేను ఇలా మొదలుపెట్టాకే మా ఇంట్లో నిత్యదీపం నిజంగా నిత్యం అయింది.

3. ఇంట్లో ఎవరికి ‘నేను చేస్తాలే’ అని చెప్పి మర్చిపోయారో గుర్తు చేసుకోండి. అమ్మకా, అక్కకా, భార్యకా, రూమ్‌మేట్‌కా? ఈ రోజే వెళ్లి, ‘ఆ పని ఇంకా చేయలేదు, ఫలానా రోజు చేస్తా’ అని చెప్పండి. సారీ చెప్పడం కంటే ఇది కష్టం. కానీ ఎక్కువ పనికొస్తుంది.

హాస్టల్లో ఉన్నవాళ్లూ, పీజీల్లో ఉన్నవాళ్లూ ‘మాకు ఇల్లెక్కడిది’ అనకండి. మీ మంచం కింద ఒక చీపురు పట్టేంత చోటు ఉంది కదా, అక్కడి నుంచే మొదలు.

చివరిగా

అమ్మ కట్టు విప్పేశారు. చెయ్యి చాలావరకు బాగైంది, కానీ చలికాలంలో ఇంకా లాగుతుంది. తడిబట్ట గట్టిగా పిండలేదు, మూత బిగించిన డబ్బాలు నేనే తీసిస్తాను. అది చూసినప్పుడల్లా నాకు ఆ కార్ట్ గుర్తొస్తుంది.

నల్లా బాగు చేయించాను. లోపల చిన్న వాషర్ అరిగింది, అంతే. శనివారం పొద్దున వాష్ ఏరియా రుద్దడం నా పని. బ్రష్ అరగకముందే ఇంకోటి కొని ఉంచుతున్నాను. అమ్మ ఇప్పటికీ నన్ను పూర్తిగా నమ్మదు. శనివారం పది గంటలకు వచ్చి తలుపు దగ్గర నిలబడి ఒకసారి చూసి పోతుంది. చూడనీ. ఆ నమ్మకం మళ్లీ రావడానికి ఇంకొన్ని శనివారాలు పడుతుంది.

పోయిన శనివారం వీడియో ఎడిటింగ్ ఉండి కడగలేకపోయాను. ముందు రోజు రాత్రే ఆ రబ్బర్ మ్యాట్ పరిచి, "అమ్మా, రేపు కాదు, ఆదివారం కడుగుతా. అటు వెళ్తే మ్యాట్ మీదే నడువు" అని చెప్పాను. ఆదివారం కడిగాను.

అమ్మ ఏమీ అనలేదు. మధ్యాహ్నం జొన్నరొట్టె చేస్తూ నన్ను పిలిచి పిండి పిసకమంది. ఎదురుగా పీట వేసి కూర్చోబెట్టింది.

మీ ఇంట్లో కూడా అలాంటి పీట ఒకటి ఖాళీగానే ఉండి ఉంటుంది. వచ్చే పోస్ట్‌లో పంచమహాయజ్ఞాలను ఈ రోజుల్లో ఫ్లాట్‌లో ఉంటూ ఎలా చేసుకోవచ్చో ఒక్కొక్కటిగా చూద్దాం. అప్పటిదాకా సెలవు.

రామకృష్ణ హరి.